ఉల్లిపాయ పాట

చాండ్లర్, అరిజోనా
అక్టోబరు 9

చెంగక్కకి,

ఆషాఢం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అత్త మా ఇంటికి వచ్చిందని తెలిశాక, "మీ అత్త పక్కనే కూర్చుని వింటది, నాకు నోరు పెగలదు, ఉత్తరం రాయమను" అని మీ ఆయన శ్రీధర్ అన్న చేత కబురు పెట్టించావు. సరే, రాస్తున్నాను. ఎనిమిదో తరగతి తర్వాత ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే నవ్వుకో, శ్రీధర్ అన్నకి మాత్రం చూపించకు.

ఈ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు. మొన్న శనివారం శశి బావ నన్నూ అత్తనూ ఇక్కడి ఏషియన్ మార్కెట్‌కి తీసుకెళ్లాడు. అత్తకి సాంబారులోకి ముల్లంగి కావాలంది. ముల్లంగి దగ్గర నిలబడి ఏరుతుంటే పైన స్పీకర్‌లో ఉల్లిపాయ పాట వచ్చింది.

నిజమక్కా. మన తడ గెస్ట్‌హౌస్ వంటింట్లో ఒకాడ గారు ఉల్లిపాయలు తరిగేటప్పుడు పెట్టే పాట. డ్రమ్ములతో అదరగొట్టే గిన్నెల పాట కాదు, గంతులేయించే బియ్యం కడిగే పాట కాదు. నెమ్మదిగా మొదలై, మధ్యలో గిటారు అందుకుని, చివరికి గుండె పట్టేసేది. అసలు పేర్లు మనకి తెలియవు కాబట్టి, నాకైతే అది ఉల్లిపాయ పాటే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోని జపాన్ ఇంజనీర్లకి వండిపెడుతూ ఆయన తన కుర్రతనపు పాటలు వినేవాడు. అవే మన కుర్రతనానికి కూడా పాటలయ్యాయి. నాకు పదిహేనేళ్లు, నీకు పదిహేడు. ఊళ్లో పిల్లలందరూ సినిమా పాటలు పాడుకుంటుంటే మనిద్దరం ఒక్క ముక్క అర్థం కాకుండా జపాన్ పాటలు పాడుకుంటూ ఇంటికి నడిచేవాళ్లం.

నాకు తెలియకుండానే నోరు కదిలింది. పక్కన బండి తోసుకుంటూ వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగిపోయింది. జపాన్ ఆవిడ, అరవై దాటి ఉంటాయి. "ఏం పాడుతున్నారు మీరు?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను ముల్లంగి వైపు చూస్తూ నిలబడ్డాను. "మా కోడలు సిగ్గరి లెండి" అని అత్త తెలుగులో చెప్పింది. అప్పుడు నాకేమైందో, ఒకాడ గారి వంటింటి భాషలో "ఈ పాట నాకు తెలుసు" అనేశాను. ఎక్కడ నేర్చుకున్నారంటే "వంటింట్లో" అన్నాను. ఆవిడ ఎంత నవ్విందో.

ఆవిడ పేరు మిచికో. వాళ్లాయన ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. ఆవిడా ఆవిడ స్నేహితురాళ్లూ గురువారం పొద్దున ఒక చర్చి హాల్లో కలిసి, తమ స్కూలు రోజుల పాటలు పాడుకుంటారట. గిటారు, డ్రమ్ములు అన్నీ వాళ్లే వాయిస్తారట. నన్ను రమ్మంది.

కారులో అత్త అడిగింది, "ఏందే ఆవిడతో అంత మాట్లాడినావు? గెస్ట్‌హౌస్‌లో గిన్నెలు తోమిన సంగతి చెప్పినావా? ఈ అపార్ట్‌మెంట్లో నువ్వు ఇంటర్ చదివినావని చెప్పి పెట్టినాను, నా పరువు తియ్యబాక." శశి బావ అద్దంలో నన్ను చూసి కన్ను కొట్టాడు. కట్టుకున్నది మేనత్త కూతుర్ని, నేను ఏం చదివానో తనకి తెలియదా ఏంటి?

వెళ్లనా అక్కా?

మీనాక్షి


తడ
నవంబరు 2

మీనాకి,

వెళ్లనా అని అడగడానికి సముద్రాలు దాటించి ఉత్తరం పంపావు. అది చేరేలోపు ఎన్ని గురువారాలు దండగైపోయాయో. వెళ్లు. నేను చెప్పానని వెళ్లు, నీకు ఇష్టమని వెళ్లు, మీ అత్తకి కోపమొస్తే ఆ కోపం కోసమైనా వెళ్లు.

ఉత్తరం చదివి ఆ రోజంతా చేసే పని మీద ధ్యాస లేదు. ఒకాడ గారు కత్తి చెక్క మీద కొట్టి తాళం వేసేవాడు, గుర్తుందా? మనం సాగదీస్తే చెక్క మీద రెండు దెబ్బలు గట్టిగా పడేవి. నువ్వేమో నా వీపు వెనక నిలబడి పాడేదానివి. "మీనా-సాన్ ఎక్కడ?" అని ఆయన నా భుజం మీదుగా వంగి వెతికేవాడు. నువ్వు గిన్నె అడ్డం పెట్టుకునేదానివి. అంత సిగ్గుపడేదానివి ముల్లంగుల మధ్య నిలబడి పాడావంటే అమెరికా నీళ్లు మంచివే.

మన గెస్ట్‌హౌస్‌ని ఇప్పుడు పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. వంటిల్లు పడగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేశారు. శ్రీధర్ అదే కంపెనీ బస్సు నడుపుతున్నాడు. నేను క్యాంటీన్‌లోనే ఉన్నాను. అందరం బాగున్నాం.

ఫోన్ సంగతి మళ్లీ అడిగావని శ్రీధర్ చెప్పాడు. నా ఫోన్‌లో మైకు పాడైంది. బాగు చేయించాలి. ఉత్తరాలే బాగున్నాయి, దాచుకోవచ్చు.

వెళ్లాక వాళ్లేమన్నారో అంతా రాయి. గిటారు ఎవరు వాయిస్తారు, చీర కట్టుకున్నావా ప్యాంటు వేసుకున్నావా, అన్నీ.

చెంగమ్మ


చాండ్లర్
డిసెంబరు 1

చెంగక్కకి,

వెళ్లాను. ప్యాంటు వేసుకున్నాను, పైన నువ్వు కొనిపెట్టిన పచ్చ కుర్తా. నాకు డ్రైవింగ్ రాదని మిచికో గారే కారులో వచ్చి ఎక్కించుకున్నారు. అత్త కిటికీ దగ్గర నిలబడి కారు నంబరు రాసుకుంది.

హాల్లో ఆరుగురు ఆడవాళ్లు. డ్రమ్ములు వాయించే ఆవిడ తల ముగ్గుబుట్టలా ఉంది, కానీ కొట్టిందంటే కిటికీలు అదురుతాయి. మొదట గిన్నెల పాట వాయించారు. మనం గిన్నెలు మోగిస్తూ పాడినట్టే ఉంది, ఇంకా జోరుగా. నా కాళ్లు ఆగలేదు. తర్వాత ఉల్లిపాయ పాట. నన్ను కూడా అందుకోమన్నారు. అందుకున్నాను.

ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు అక్కా. గిటారు ఆగింది, డ్రమ్ము ఆగింది. నేనొక్కదాన్నే పాడుతున్నాను. మిచికో గారు మెల్లగా అన్నారు, "నువ్వు పాడుతున్నది మా పాట కాదు. కానీ మా పాటకి ఎంత బాగా అతుకుతోందో."

ఫోన్‌లో అసలు పాట పెట్టి వినిపించారు. అప్పుడు తెలిసింది. పాటంటే నువ్వు పాడేది. నేను పాడేది అందులో ఎక్కడా లేదు. నువ్వు పైన పాడుతుంటే, నా గొంతు ఎవరికీ వినపడకూడదని కిందుగా నేనే ఏదో కట్టుకున్నాను. ఇన్నేళ్లూ నేను పాడేదే పాట, నువ్వు పైన సొగసులు దిద్దుతున్నావు అనుకున్నాను. ఎంత పొగరో చూడు నాకు.

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే వాళ్లేమో చప్పట్లు కొడుతున్నారు. ఈ కింది గొంతు ఎవరు నేర్పారని ఒకరు, ఇంకోసారి పాడమని ఒకరు.

ఇక అసలు విషయం. మార్చిలో లైబ్రరీ పక్క పార్కులో ఊరి పండగ ఉంది. తలా ఒక దేశం వాళ్లు పాడతారు, ఆడతారు. వీళ్ల పెద్ద గాయని కూతురి కాన్పుకి జపాన్ వెళ్లిపోయింది. ఉల్లిపాయ పాట నన్ను పాడమంటున్నారు. అసలు వరస ప్రయత్నించాను. రెండు లైన్లు బాగానే వెళ్తుంది, మూడో లైను దగ్గర గొంతు తనంతట తనే కిందికి జారిపోతుంది. ఎన్నిసార్లు పాడినా అంతే. నువ్వు పైన ఉంటేనే నాకు పాడటం వచ్చు.

మిచికో గారు ఉపాయం చెప్పారు. నువ్వు అక్కడ పాడి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపితే, దాన్ని పార్కులో స్పీకర్‌లో పెడతారు. నేను కింద పాడతాను. మనిద్దరం కలిసి పాడినట్టే. మైకు పాడైతే శ్రీధర్ అన్న ఫోన్‌లో పాడు. నువ్వు పంపితేనే పాడతానని వాళ్లకి మాటిచ్చాను. నీ గొంతు వినగానే వాళ్లు నన్ను మర్చిపోతారు, అది కూడా చెప్పాను.

త్వరగా పంపు.

మీనాక్షి


తడ
జనవరి 4

మీనాకి,

నీ ఉత్తరం అందింది. పులికాట్ సరస్సుకి కొంగలొచ్చాయి, శ్రీధర్‌కి సెలవు రోజుల్లో కూడా టూరిస్టు బస్సులే. క్యాంటీన్‌లో పని ఎక్కువగా ఉంది.

రికార్డింగ్ అడిగావు. నాకు జలుబు చేసింది. తగ్గాక చూద్దాం. అయినా నా గొంతు నీకెందుకు? అసలు పాట ఫోన్‌లో దొరికిందిగా, అది పెట్టుకుని నేర్చుకో. మూడో లైను దగ్గర జారితే మళ్లీ మొదలుపెట్టు. చిన్నపిల్లవా?

అత్తని అడిగానని చెప్పు.

చెంగమ్మ


చాండ్లర్
జనవరి 26

చెంగమ్మక్కకి,

అత్తని అడిగినట్టు చెప్పాను. ఆవిడ బాగుంది.

జలుబని రాశావు. శ్రీధర్ అన్నకి మెసేజ్ పెడితే జలుబేమీ లేదన్నాడు, ఆ తర్వాత ఏం అడిగినా జవాబివ్వలేదు. ముందేమో మా అత్త వింటుందన్నావు. తర్వాత మైకు పాడైందన్నావు. ఇప్పుడు జలుబు. నాకు చదువు లేదు కానీ ఇది అర్థం కానంత తెలివితక్కువదాన్ని కాదు.

నాకు పెళ్లి కుదిరినప్పుడు "ఇంక నీకేందిమే, అమెరికా దొరసానివి" అన్నావు. నవ్వుతూ అన్నావనుకున్నాను. కాదా? ఇక్కడికొచ్చినదాని కోసం నేనెందుకు పాడాలి అనుకుంటే ఆ మాటే రాయి. నేను ఇక్కడ మెషీన్లలో బట్టలు వేసుకుంటూ, ఎవరో కారెక్కించుకుంటే బయటికి పోతూ బతుకుతున్నాను. వారానికి ఒక పొద్దున నాకు పదిహేనేళ్లు వస్తాయి. అందులో నువ్వు లేకపోతే అది ఉత్త హాలు.

పాడనంటే పాడనని రాయి. పండగకి రానని వాళ్లతో చెప్పేస్తాను.

మీనాక్షి


తడ
ఫిబ్రవరి 14

మీనాకి,

బాగా తిట్టావు. ఇంత గట్టిగా మాట్లాడటం దీనికెప్పుడు వచ్చిందా అని నీ ఉత్తరం శ్రీధర్‌కి చదివి వినిపిద్దామనుకున్నాను. వినిపించలేదు, అతని చేతికిచ్చి చదువుకోమన్నాను. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది అదే.

ఆషాఢంలో నెల్లూరులో నా మెడకి ఆపరేషన్ చేశారు. థైరాయిడ్ గడ్డ. అది గొంతు నరాన్ని అంటుకుని ఉందని, గొంతు మారవచ్చని డాక్టరు ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. గడ్డలో చెడు ఏమీ లేదన్నారు, ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం మారింది. మొదట్లో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఇప్పుడు మాట వస్తోంది, కానీ మా నాన్న మాట్లాడుతున్నట్టు వస్తోంది. గ్యాస్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే అవతలి పిల్ల "చెప్పండి సార్" అంటోంది. క్యాంటీన్‌లో కేక వేస్తే కుర్రవాళ్లు ఠక్కున లేచి నిలబడుతున్నారు, అదొక్కటి లాభం.

పైకి మాత్రం పోదు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఉల్లిపాయ పాట మొదలుపెట్టాను. పైకి ఎత్తేసరికి ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, మా వీధిలో నన్ను పొలంతోనో పిల్లలతోనో గుర్తుపట్టేవాళ్లు కాదు. చెంగమ్మ గొంతు అనేవాళ్లు. అది పోయిందని ఊళ్లో అందరికీ తెలిసింది. నీకొక్కదానికే తెలియదు. నీ చెవిలోనైనా అది మిగలాలనుకున్నాను. నాకు అసూయ అన్నట్టు రాశావు చూడు, దానికి మాత్రం ఇక్కడుంటే నెత్తి మీద మొట్టేదాన్ని.

జాలిపడుతూ ఉత్తరం రాస్తే చించేస్తాను. పండగకి వెళ్లు. నేను ఇంక పాడను. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నాళ్లు నానా అబద్ధాలు ఆడాను.

చెంగమ్మ


చాండ్లర్
మార్చి 23

చెంగక్కకి,

జాలిపడటం లేదు. చించకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది జాలికి కాదు, నీ మీద నేను రాసిన మాటలకి. ఆ తర్వాత మిచికో గారికి ఫోన్ చేసి నావల్ల కాదని చెబుదామనుకున్నాను. చెప్పేలోపు ఒకటి జరిగింది.

మర్నాడు నేను చపాతీ పిండి కలుపుతున్నాను. అత్త బల్ల దగ్గర కొత్తిమీర తుంచుతోంది. చేతులు పనిలో ఉన్నాయి కదా, నోరు పాట అందుకుంది. అసలు వరసే పాడుతున్నాను. మూడో లైను వచ్చింది. ఇక జారతానని నాకు తెలుసు. సరిగ్గా అప్పుడు కింద ఇంకో గొంతు వినిపించింది. ఊఁ ఊఁ అంటూ అత్త. నా కింది వరస పాడుతోంది అక్కా. డిసెంబరు నుంచి గోడ అవతల రోజూ వింటోంది, ఆవిడ కూడా అదే పాటనుకుంటోంది.

నేను జారలేదు. చివరి దాకా పైనే ఉన్నాను.

పిండి చేతులతో అలాగే నిలబడి చూస్తుంటే, "ఏందే అట్టా చూస్తావు? పొద్దస్తమానం నువ్వు కూసేదే గదా" అంది. "ఇంకోసారి అను అత్తా" అన్నాను. "నాకేం పన్లేదా?" అంది, మళ్లీ అంది. ఆ సాయంత్రం వంట ఆలస్యమైంది. శశి బావ ఆఫీసు నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

పైన పాడటం నాకు రాక కాదు. పైన నువ్వు ఉన్నావని నా చెవి అనుకుంటోంది, అందుకే నీకు చోటు వదిలి కిందికి దిగుతోంది. కింద ఎవరైనా ఉంటే పైన నిలబడగలను.

పండగ నిన్న జరిగింది. పాడాను. నీలం చీర కట్టుకున్నాను, మైకు ముందు నిలబడ్డాను, ఎవరి వెనకా కాదు. కింది వరస తను అందుకుంటానని మిచికో గారు ముందురోజు అన్నారు. నేను వద్దన్నాను. "ఆ చోటు మా అక్కది" అన్నాను. "మీ అక్క పైన పాడుతుందన్నావుగా?" అన్నారు. "అది అప్పుడు. ఇప్పుడు మా అక్క గొంతు కిందికి వచ్చింది" అని చెప్పాను. ఆవిడ అందరితో చెప్పి ఆ చోటు ఖాళీగా ఉంచారు. ఇంటి దగ్గర అత్తతో బాగా అలవాటు చేసుకున్నాను కాబట్టి, పార్కులో కింద ఎవరూ లేకపోయినా ఉన్నట్టే పాడాను.

దిగి వచ్చాక మా పైఅంతస్తు మనీషా అడిగింది, "వావ్, ఇంటర్‌లో జాపనీస్ తీసుకున్నావా?" అత్త నా చెయ్యి గిల్లింది. "లేదండీ, ఇంటర్ చదవలేదు. జపాన్ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో వంటపని చేస్తూ నేర్చుకున్నాను" అన్నాను. అత్త పక్కనున్న ముళ్లచెట్టును చూస్తూ ఉండిపోయింది. కారులో మాత్రం, "ఆర్నెల్లు కష్టపడి చెప్పిన అబద్ధమే అది, ఒక్క నిమిషంలో నేల పాలు చేసినావు" అని గొణిగింది. మళ్లీ తనే, "మూడో పాట ఏంది, దడదడమని కొట్టినారే, అది బాగుంది" అంది. గిన్నెల పాట.

వీడియో శ్రీధర్ అన్న ఫోన్‌కి పంపాను. అందులో నేను పైన ఉన్నాను. కింద ఎవరూ లేరు. ఆ కింది వరస నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఏళ్ల తరబడి నీ వీపుకే పాడాను. నువ్వు పైకి పోలేనన్నావు. పోవద్దు. ఇంక పాడనని రాశావు. అది నేను ఒప్పుకోను.

మీనాక్షి


తడ
ఏప్రిల్ 12

మీనాకి,

నీ ఉత్తరం అందాకే వీడియో చూశాను. మొదటిసారి చూసినప్పుడు పాట వినలేదు, నిన్నే చూశాను. రెండోసారి తప్పులు వెతికాను. మూడో లైను దగ్గర తొందరపడ్డావు. జారతానేమోనని ముందే పరిగెత్తావు. ఒకాడ గారుంటే చెక్క మీద రెండు దెబ్బలు వేసేవాడు. కొంగు సరిగా దోపలేదు. మిగతా అంతా బాగుంది. బాగుండటం కాదు, శ్రీధర్ ముందు కూర్చుని చూడలేక లేచి పెరట్లోకి వెళ్లాను.

ఆ ఖాళీ చోటు వినపడుతూనే ఉంది. గొంతు లేని చోట ఇంత చప్పుడు ఉంటుందని నాకు తెలియదు. కోపం వచ్చింది, ఎవరైనా అందులో పాడి ఉంటే ఈ బాధ లేకపోయేది కదా అని. ఆ తర్వాత రెండు రోజులు శ్రీధర్ ఫోన్ ముట్టుకోలేదు.

నిన్న శ్రీధర్ అన్నం తింటూ వీడియో మళ్లీ పెట్టాడు. నేను పొయ్యి దగ్గర చేప ముక్కలు తిరగేస్తున్నాను. నువ్వు మొదలుపెట్టావు. నేను నోరు తెరిచాను. ముందు గాలి వచ్చింది. రెండో లైనుకి మాట వచ్చింది. గరుగ్గా, మందంగా, మా నాన్న పాడినట్టే ఉంది, కానీ ఎక్కడా తలుపు వేసుకోలేదు. అంత కిందికి నువ్వు కూడా ఎప్పుడూ దిగలేదు మీనా. నీ వరసకి ఇంకో మెట్టు కింద ఒక చోటు ఉంది. నేను చూసొచ్చాను.

శ్రీధర్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పాట అయిపోయాక, "మామ ఎప్పుడొచ్చినాడా అని చూస్తావుండా" అన్నాడు. అట్లకాడతో ఒకటి వేశాను. అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నాడు, చేప కారం అన్నాడు.

ఈ ఉత్తరం అందిన ఆదివారం ఫోన్ చెయ్యి. మీ అత్త పక్కనుంటే ఉండనీ, విననీ. నేనే ఎత్తుతాను. మగవాళ్లెవరో ఎత్తారని పెట్టేయకు. క్షేమ సమాచారాలు తర్వాత చూసుకుందాం. ఎత్తగానే నువ్వు పాట మొదలుపెట్టు. మూడో లైను దగ్గర తొందరపడకు, కింద నేనుంటాను.

చెంగమ్మ